పెళ్లిలో మిగిలిన బగారన్నం తిని బర్రె పడిపోయింది, అన్నం అంత విషమా?

మునుగోడు_పోరడు
నిన్న మా చిన్నాన్న బిడ్డ పెళ్లి. ఫంక్షన్ హాల్లో బగారన్నం గంగాళాల కొద్దీ మిగిలింది. పారబోస్తే పాపమని మూడు బకెట్లు ఇంటికి తెచ్చాను. రాత్రి తొమ్మిదింటికి రెండు బకెట్లు బర్రె ముందర పోస్తే తొట్టి అడుగు నాకి మరీ తిన్నది. గ్రేడెడ్ ముర్రా, ఈని ఐదు నెలలు, పూటకు నాలుగు లీటర్లు ఇస్తుంది. తెల్లారి చూస్తే లేవడం లేదు. నెమరు లేదు. ఎడమ డొక్క ఊపితే సగం నిండిన కుండలో నీళ్లు కదిలినట్టు గుడగుడమంటోంది. పెండ పల్చగా పోతోంది, పుల్లటి వాసన. పాలు అర లీటరు కూడా రాలేదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేశాను, బండి బయలుదేరిందన్నారు. ఈలోపు ఏం చేయాలి? అన్నంలో ఎవరో ఏదో కలిపారని మా అమ్మ అనుమానం. అదే అన్నం పొద్దున మేమూ తిన్నాం, మాకేం కాలేదు.

ఊరికే_వచ్చినా
మటన్ ముక్క లేకుండా బగారన్నం పెడితే ఏ బర్రెకైనా అలకే.

పశువైద్యం_మూడో_ఏడు
రాజేంద్రనగర్‌లో చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ని కాదు. అయినా ఇది క్లాసులో చెప్పిన కేసు చెప్పినట్టే ఉంది. బండి వచ్చేదాకా అన్నం, తవుడు, దాణా, బెల్లం నీళ్లు ఏవీ పెట్టకండి. ఎండు వరిగడ్డి ముందర వేయండి, తింటే తింటుంది. పక్కకు ఒరిగిపోకుండా రెండువైపులా గడ్డిమోపులు ఆనించి ఛాతీ మీద కూర్చునేలా చూడండి. పడిపోయిన పశువుకు నోట్లో బలవంతంగా ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో జబ్బు వస్తుంది. ఎన్ని గంటలకు తిన్నది, ఎంత తిన్నది అన్నది డాక్టర్ గారికి సరిగ్గా చెప్పండి. సిగ్గుపడి తక్కువ చెప్పకండి, చాలామంది అదే చేస్తారు.

పెద్దబావి_పటేల్
పెళ్లింటి అన్నం, నలుగురి కళ్లు పడ్డది. దిష్టి తీయండి. తగ్గకపోతే డొక్క మీద వాత పెట్టించండి. మా కాలంలో ఇన్ని బండ్లు, ఫోన్లు లేవు, పశువులు బతకలేదా?

పశువైద్యం_మూడో_ఏడు
దిష్టి తీస్తే నష్టం లేదు, తీయించండి. వాత మాత్రం వద్దు పెద్దాయనా. లోపల యాసిడ్ మంట ఉంటే బయట ఇంకో మంట పెట్టడం దేనికి?

సాగర్_ఆయకట్టు
వెనిగర్ తెచ్చి చల్లటి నీళ్లలో కలిపి తాపండి. పోయిన వానాకాలం మా బర్రె ఇట్లాగే పడిపోయి కొట్టుకుంటుంటే డాక్టర్ సాబ్ వెనిగరే తాపించాడు. గంటలో లేచింది.

పశువైద్యం_మూడో_ఏడు
అన్నా ఆగండి! మీ బర్రె ఏం తిన్నది?

సాగర్_ఆయకట్టు
తినలేదు. పొలం గట్టు మీద యూరియా కలిపిన బకెట్‌లో మూతి పెట్టి తాగింది.

పశువైద్యం_మూడో_ఏడు
అదీ సంగతి. మునుగోడు అన్నా, వెనిగర్ అసలే పోయవద్దు. ఆ రెండూ పూర్తిగా ఉల్టా జబ్బులు. యూరియా తాగితే పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చిటికెలో అమ్మోనియాగా మారుస్తాయి. కొంచెమైతే ఆ అమ్మోనియాతోనే అవి తమ ఒళ్లు కట్టుకుంటాయి. ఎక్కువైతే రక్తంలోకి ఎక్కి మెదడును కొడుతుంది. అక్కడ పొట్టలో క్షారం, అందుకే వెనిగర్. చల్లటి నీళ్లు ఎందుకంటే చల్లబడితే సూక్ష్మజీవుల పని నెమ్మదిస్తుంది. మీ బర్రె పొట్టలో ఇప్పుడున్నది యాసిడ్. దాని మీద వెనిగర్ పోస్తే నిప్పు మీద కిరోసిన్.

సాగర్_ఆయకట్టు
నా మాట వెనక్కి తీసుకున్నా. మునుగోడు తమ్ముడూ, పోయలేదు కదా?

మునుగోడు_పోరడు
లేదన్నా. ఇంట్లో వెనిగర్ ఎక్కడిది. మా చెల్లె ఫ్రైడ్ రైస్ చేసినప్పటి సీసా ఉందని అంటుంటే మీ రెండో పోస్టు వచ్చింది.

దేవరకొండ_అక్క
నాకో సందేహం. మా ఇంట్లో నలభై ఏళ్ల నుంచి కుడితి తొట్టిలో మిగిలిన అన్నం, గంజి, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు అన్నీ పోస్తాం. ఒక్క బర్రెకూ ఏమీ కాలేదు. ఇప్పుడేమో అన్నం పెడితే చస్తుందంటున్నారు. బగారలో డాల్డా, మసాలా ఉంటాయి, తప్పు వాటిది అయి ఉంటుంది.

పాలమూరు_గొర్లమంద
అక్క చెప్పింది నిజమే, కానీ డాల్డా కాదు. మా ఊళ్లో వడ్లు రోడ్డు మీద ఆరబోసినప్పుడు రాత్రి రెండు ఎడ్లు పలుపు తెంపుకుని పోయి మేసినయి. ఉత్త వడ్లు, మసాలా లేదు, నూనె లేదు. ఒకటి రెండో రోజు చచ్చిపోయింది. ఇంకొకటి బతికింది గాని గిట్టలు పాడై మూడు నెలలు కుంటింది.

సూక్ష్మం_లెక్చరర్
మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. దేవరకొండ అక్క ప్రశ్న అసలైన ప్రశ్న, కొంచెం పొడుగ్గా చెబుతాను, తిట్టుకోవద్దు.

బర్రె గడ్డి తిని బతుకుతుందని అనుకుంటాం. గడ్డిలోని పీచును విరగ్గొట్టే సరుకు బర్రె ఒంట్లో లేదు. ఆవుకు లేదు, గొర్రెకు లేదు, మనకూ లేదు. ఆ పని చేసేవి నాలుగు అరల పొట్టలో మొదటి అరలో కాపురం ఉండే సూక్ష్మజీవులు. పెద్ద పశువుకు ఆ అర వంద లీటర్ల పైనే పడుతుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరు తీస్తే బ్యాక్టీరియా వెయ్యి కోట్ల లెక్కన ఉంటాయి. లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు ఉంటాయి. గాలి సోకని చోట బతికే శిలీంధ్రాలు కూడా ఉంటాయి. అట్లాంటి శిలీంధ్రం ఉంటుందని 1975 దాకా ఎవరూ అనుకోలేదు, ఇంగ్లండ్‌లో కాలిన్ ఆర్పిన్ గొర్రె పొట్టలో పట్టుకున్నాడు.

ఇవన్నీ పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అనే ఆమ్లాలు వదులుతాయి. బర్రెకు కావలసిన శక్తిలో 70 శాతం దాకా వాటి నుంచే. ఆ పని చేసిన సూక్ష్మజీవులు రసంతోపాటు కిందికి కొట్టుకుపోయి నాలుగో అరలో అరిగిపోతాయి, బర్రెకు అందే మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం అవే. గడ్డి వేసి వాటిని పెంచుకుంటుంది, పెరిగిన వాటిని తినేస్తుంది.

ఊరికే_వచ్చినా
అంటే బర్రె నాన్‌వెజ్ అన్నమాట. మా నాయనమ్మకు ఈ సంగతి చెప్పొద్దు, పాలు మానేస్తుంది.

సూక్ష్మం_లెక్చరర్
ఇప్పుడు అన్నం సంగతి. ఆ పొట్టలో రోజూ గడ్డి పడే చోట గడ్డి తినేవే ఎక్కువగా ఉంటాయి. పిండి పదార్థం తినేవి కొన్ని మూల కూర్చుని ఉంటాయి. వాటిలో స్ట్రెప్టోకాకస్ బోవిస్ అని ఒకటుంది. మామూలుగా అది లెక్కలోకి రాదు. ఉడికిన అన్నం రెండు బకెట్లు ఒక్కసారి పడితే మాత్రం దానికి జాతరే. 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అది వదిలేది లాక్టిక్ యాసిడ్, మన పెరుగు పులుపు. ఈ యాసిడ్‌ను తినేసే మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ లాంటివి కూడా అదే పొట్టలో ఉంటాయి, కాని అంత తొందరగా పెరగలేవు. పులుపును కొలిచే లెక్క పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మామూలుగా 6కు 7కు మధ్య ఉండే ఆ పీహెచ్ 5 కిందికి పడిపోతుంది. గడ్డి తినేవి చస్తాయి. ప్రోటోజోవా చస్తాయి. ఆ పులుపులో లాక్టోబాసిల్లస్ మాత్రం దర్జాగా పెరుగుతుంది, ఇంకా యాసిడ్. చిక్కబడ్డ యాసిడ్ ఒంట్లోని నీళ్లను పొట్టలోకి లాగుతుంది. మీరు విన్న గుడగుడ ఆ నీళ్లదే. అందుకే పొట్ట నిండా నీళ్లున్నా కళ్లు లోపలికి పీక్కుపోయి ఉంటాయి, చూడండి.

ఇంకో మాట మరిచాను. పశువు నెమరు వేసేటప్పుడు రోజుకు వంద లీటర్ల దాకా లాలాజలం మింగుతుంది. అందులో మన తినే సోడాలో ఉండే సరుకే ఉంటుంది. చొప్ప, వరిగడ్డి అయితే నమిలి నమిలి తన సోడా తానే తయారు చేసుకుంటుంది. అన్నానికి నమిలే పనేముంది?

దేవరకొండ అక్కా, మీ తొట్టిలో రోజూ పడేది దోసెడో రెండు దోసిళ్లో. ఆ కాస్తకు సరిపడా యాసిడ్ తినేవి మీ బర్రెల పొట్టలో ఎప్పటి నుంచో తయారుగా ఉన్నాయి. దాణా పెంచాలన్నా రెండు మూడు వారాలు పట్టించి కొంచెం కొంచెం పెంచమనేది ఇందుకే.

దేవరకొండ_అక్క
ఇప్పుడు అర్థమైంది. మా అత్త కొత్తగా కొన్న బర్రెకు కుడితి మొదటి వారం పల్చగా పోయమనేది. ఎందుకంటే చెప్పేది కాదు, "పోయమన్నానా, పొయ్యి" అనేది.

పెద్దబావి_పటేల్
మరి పెళ్లివాళ్లు అదే అన్నం తిని బాగానే ఉన్నారు కదా సారూ. మన కడుపులో పురుగులు లేవా?

సూక్ష్మం_లెక్చరర్
ఉన్నాయి పటేల్ గారూ, కాని మనకు వరుస వేరు. అన్నం ముందు మన ఎంజైములకు అందుతుంది, చిన్నపేగులోనే చాలావరకు అరిగి రక్తంలోకి పోతుంది. మిగిలింది పెద్దపేగులోని సూక్ష్మజీవులకు. బర్రె దగ్గర మొదటి పంక్తి వాటిదే, బర్రె రెండో పంక్తిలో కూర్చుంటుంది. మొదటి పంక్తిలో గొడవైతే రెండో పంక్తికి ఏం మిగులుతుంది?

మునుగోడు_పోరడు
బండి వచ్చింది. డాక్టర్ గారు చూసి మీరు చెప్పిందే చెప్పారు. సెలైన్ బాటిళ్లు ఎక్కించారు. గొట్టం వేసి పొట్టలో నీళ్లు కొన్ని బయటికి తీశారు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, పాడైన కల్లు లాగా. ఒక కాగితం ముక్క అందులో ముంచి రంగు చూసి తల ఊపారు. తర్వాత తినే సోడా నీళ్లలో కలిపి ఆ గొట్టంలోంచే పోశారు. ఇంకా లేవలేదు కాని చెవులు ఆడిస్తోంది.

పాత_జొన్నచేను
కల్వకుర్తి వైపు నుంచి. లేత జొన్న మేస్తే తగిలే విషం, అదే జొన్న నాము, దానికి కూడా ఇదే కథేనా? మా నాయన హయాంలో కోసిన మోళ్లకు వచ్చిన పిలకలు మేసి మూడు ఆవులు చేనులోనే పడిపోయినయి. ఇంటికి తోలుకొచ్చే టైం కూడా ఇవ్వలేదు.

సూక్ష్మం_లెక్చరర్
కథ వేరు, పాత్రలు అవే. లేత జొన్నలో, వానలేక వాడిన చొప్పలో ధురిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది అట్లా ఉన్నంతసేపు అంత ప్రమాదం కాదు. పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచినప్పుడు సయనైడ్ బయటపడుతుంది. నెమరు వేసే పశువులకే నాము ఎక్కువ తగలడానికి కారణం ఇదే. గుర్రానికి అదే పెడితే అంతగా తగలదు. మనం ఎంత పొగిడినా, అవి బర్రె మేలు కోరి పనిచేయడం లేదు. వాటి తిండి అవి తింటున్నాయి.

పాత_జొన్నచేను
గుర్రం మేపేంత దొరలం కాదు సార్. పిలకలు ఎండబెట్టి వేస్తే?

పశువైద్యం_మూడో_ఏడు
పూత వచ్చేదాకా ఆగి కోసి, బాగా ఎండిన చొప్పగా వేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. మోళ్ల పిలకల్లోకి మాత్రం తోలకండి. నాము తగిలితే సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది కాని అది నిమిషాల మీద పని.

పాలమూరు_గొర్లమంద
మాది మక్తల్ దగ్గర, 120 గొర్లు. నా బాధ చెబుతా. మొదటి వాన పడి గడ్డి చివుళ్లు వేసిందంటే మాకు పండగ, భయం రెండూ. రెండేళ్ల కింద మృగశిర వానలకు గడ్డి కళకళలాడుతుంటే సాయంత్రం దాకా కడుపు నిండా మేపాను. తెల్లారి తొమ్మిది గొర్లు దొడ్డిలో కట్టెలై పడి ఉన్నయి. అవి బక్కవి కాదు, మందలో బాగా బలిసిన పిల్లలే. చిటుకు రోగం. చిటికె వేసినంతలో పోతుందని ఆ పేరు అంటారు మావాళ్లు. వానలకు ముందు టీకా వేయించాల్సింది, మేం వలస నుంచి తిరిగి వచ్చేసరికే ఆలస్యమైంది. దీనికి బయటి నుంచి రోగం రాలేదు, మంచి గడ్డే చంపిందంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

సూక్ష్మం_లెక్చరర్
మీ ఆవిడ నమ్మకపోవడంలో తప్పులేదు, ఎవరికైనా వింతగానే ఉంటుంది. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం అనే బ్యాక్టీరియా మంచి గొర్రె పేగుల్లో కూడా కొంచెం ఉంటుంది, చప్పుడు లేకుండా. ఒక్కసారిగా లేత గడ్డి, గింజ ఎక్కువై అరగని పిండి, చక్కెరలు పేగుదాకా జారితే అక్కడ అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. బాగా తినే పిల్ల బాగా తింటుంది, అందుకే బలిసినవే ముందు పోతాయి. టీకా ఆ విషానికే, గడ్డికి కాదు.

బత్తాయి_తోట
బర్రెలకు వచ్చే గొంతువాపు రోగం కూడా ఇట్లా లోపల ఉన్నదేనా? తొలకరికే వస్తుంది కదా.

పశువైద్యం_మూడో_ఏడు
దాదాపు. దాన్ని తెచ్చే పాశ్చురెల్లా బ్యాక్టీరియా కొన్ని మంచి బర్రెల గొంతులో ఏళ్ల తరబడి ఊరికే ఉంటుంది. తడి, ఎండాకాలమంతా పస్తులున్న ఒళ్లు, బరువు పని, ఇవి కలిసినప్పుడు లేస్తుంది. అక్కడి నుంచి పక్క పశువుకు పాకుతుంది. జబ్బవాపు రోగం వేరు, దాని బీజాలు మట్టిలో ఏళ్లకేళ్లు ఉంటాయి.

అడ్మిన్
టాపిక్ బర్రె కడుపు. జబ్బుల జాబితా మొత్తం ఇక్కడే పెట్టకండి.

ఊరికే_వచ్చినా
అడ్మిన్ కడుపులో కూడా పీహెచ్ పడిపోయినట్టుంది.

గోబర్_గ్యాస్_రెడ్డి
అడ్మిన్ గారూ, టాపిక్‌లోనే ఉన్నాను. నా దగ్గర బర్రె కాదు, ట్యాంకుకే ఈ జబ్బు వచ్చింది.

నకిరేకల్ దగ్గర మాది దీనబంధు మోడల్ గోబర్ గ్యాస్ ట్యాంకు, రెండు ఘనపు మీటర్లు. ఎనిమిదేళ్లుగా పెండతో నడుస్తోంది, ఇద్దరికి వంట అయిపోతుంది. పోయినేడు మా ఊరి బోనాలకు మిగిలిన అన్నం, సాంబారు అంతా ట్యాంకులో పోశాను. అన్నంతో గ్యాస్ ఎక్కువ వస్తుందని ఎవరో అన్నారు. మొదటి రెండు రోజులు నిజంగానే ఎక్కువ వచ్చింది, మంచి పని చేశాననుకున్నా. మూడో రోజు గ్యాస్ వస్తోంది కాని వెలగడం లేదు. ఐదో రోజు స్టవ్ దగ్గర పుల్లటి కంపు. ఇదంతా చదువుతుంటే మునుగోడు బర్రె, మా ట్యాంకు అక్కాచెల్లెళ్లని తెలుస్తోంది.

సూక్ష్మం_లెక్చరర్
రెడ్డి గారూ, మీరు చెప్పింది నేను క్లాసులో చెప్పుకుంటాను, అభ్యంతరం లేదు కదా? ట్యాంకులో కూడా రెండు జట్లు. ఒకటి తిండిని ఆమ్లాలుగా మారుస్తుంది, ఇంకోటి ఆ ఆమ్లాల నుంచి, హైడ్రోజన్ నుంచి మీథేన్ చేస్తుంది. మొదటిది ఉరుకుతుంది, రెండోది నడుస్తుంది. అన్నం ఎక్కువైతే ఆమ్లం పేరుకుని మీథేన్ చేసే జట్టు మూలనపడుతుంది. అప్పుడు వచ్చే గ్యాస్‌లో ఎక్కువ కార్బన్ డయాక్సైడ్, అది వెలగదు. ట్యాంకు కట్టినప్పుడు మొదట పెండతోనే నింపమంటారు కదా, ఆ మీథేన్ జట్టు పశువు కడుపులోంచే పెండతో వస్తుంది. బర్రె త్రేన్పులో పోయే గ్యాస్, మీ స్టవ్ మీది గ్యాస్ ఒకటే.

గోబర్_గ్యాస్_రెడ్డి
నెల రోజులు అన్నం ఆపి, సున్నం కొంచెం, తాజా పెండ రోజూ కొంచెం కొంచెం పోస్తే దారికి వచ్చింది. దీనికంటే ముందు ఒకసారి బాత్రూం ఫినాయిల్ నీళ్లు ట్యాంకులోకి వదిలిన ఘనుడిని కూడా నేనే. అప్పుడు నలభై రోజులు కట్టెల పొయ్యి. మా ఆవిడ ఇంకా లెక్క చెబుతూనే ఉంటుంది.

ఊరికే_వచ్చినా
బర్రె త్రేన్పు దగ్గర అగ్గిపుల్ల గీస్తే?

గోబర్_గ్యాస్_రెడ్డి
నువ్వు గీయి, మేము దూరం నుంచి చూస్తాం.

మునుగోడు_పోరడు
రెండో రోజు. పొద్దున లేచి నిలబడింది! నెమరు మాత్రం లేదు, గడ్డి వాసన చూసి వదిలేస్తోంది. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే మటన్ కొట్టుకు పొమ్మన్నారు. నాకు అర్థం కాలేదు, రెండుసార్లు అడిగాను. అప్పుడే కోసిన మేకల పొట్టలోని రసం నాలుగు లీటర్లు పట్టుకురావాలట. గుడ్డలో వడగట్టి, చల్లారకుండా, గాలి తగలకుండా మూత పెట్టి తొందరగా తేవాలట. కొట్టు అతను నన్ను పిచ్చోడిలా చూశాడు. ఆఖరికి టీ ఫ్లాస్కులు రెండు, మూత గట్టిగా ఉన్న పాల క్యాను ఒకటి నింపుకొచ్చాను. నిన్ననే పోస్తే అయిపోయేది కదా అంటే, ఆ యాసిడ్‌లో ఇవి కూడా చచ్చేవి, ముందు సోడా, తర్వాతే ఇది అన్నారు.

దేవరకొండ_అక్క
ఛీ, ఆ ఫ్లాస్కులో ఇక టీ తాగుతారా?

మునుగోడు_పోరడు
అమ్మ పొద్దున్నే రెండు కొత్తవి కొనిపించింది. ఆ ఖర్చు కూడా బగారన్నం ఖాతాలోనే.

పెద్దబావి_పటేల్
ఇది మాకు తెలుసు! మా తాత నెమరు పోయిన ఎద్దుకు ఇదే చేసేవాడు. పక్కన బాగా ఉన్న ఎద్దు నెమరు వేస్తుంటే దవడ పట్టుకుని, నోట్లోంచి ఆ ముద్ద లాగి దీని నోట్లో పెట్టేవాడు. మీరు వాత, దిష్టి అని నవ్వారు. ఇదేమంటారు?

సూక్ష్మం_లెక్చరర్
నవ్వినవాళ్ల తరఫున చెంపలు వేసుకుంటున్నాను. అది అసలైన వైద్యం. స్వీడన్‌లో 1700ల నాటి రాతల్లో కూడా ఈ నెమరు ముద్ద పద్ధతి ఉంది. దూడకు కూడా తల్లి నాకడం వల్ల, పెద్ద పశువులతో ఒకే తొట్టిలో మూతి పెట్టడం వల్లే ఇవి అందుతాయి. పుట్టగానే వేరు చేసి ఒంటరిగా పెంచిన దూడల పొట్టలో ప్రోటోజోవా చాలాకాలం ఉండనే ఉండవు. వాత సంగతి మాత్రం నా మాట మార్చుకోను.

చెంచుల_పల్లె_టీచర్
అచ్చంపేట వైపు పనిచేస్తాను. మా పక్కింటివాళ్లు మేకలకు సుబాబుల్ ఆకు ఒక్కటే నెలరోజులు వేస్తే వెంట్రుకలు రాలిపోయాయి. పచ్చి ఆకు, మాంసకృత్తులు ఎక్కువని పుస్తకంలో చదివే వేశారు. అది కూడా కడుపులోని వాళ్ల పనేనా?

సూక్ష్మం_లెక్చరర్
దీని కథ నాకు అన్నిటికంటే ఇష్టం. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం ఉంటుంది. ఆస్ట్రేలియాలో పశువులకు దీంతో ఇదే తిప్పలు, వెంట్రుకలు రాలడం, గొంతు దగ్గర థైరాయిడ్ వాచడం. హవాయి దీవుల్లో మేకలు అదే చెట్టు మేస్తూ నిక్షేపంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కిటుకు మేకలో కాదు, మేక పొట్టలో ఉందని పట్టాడు. 1980ల మొదట్లో ఆ హవాయి మేకల పొట్టలోని బ్యాక్టీరియాను ఆస్ట్రేలియాకు తెచ్చి అక్కడి పశువులకు ఎక్కించారు. వాటికీ ఆ ఆకు పడింది. తర్వాత ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. మీ పక్కింటివాళ్లను ఆకు మేతలో మూడో వంతు దాటకుండా, వేరే గడ్డితో కలిపి వేయమనండి.

ఊరికే_వచ్చినా
ఒకరి కడుపులోది ఇంకొకరికి ఎక్కించడం మనుషులకూ ఉందా సార్?

సూక్ష్మం_లెక్చరర్
ఉంది. యాంటీబయాటిక్స్ వాడి వాడి పేగుల్లో మంచివి పోయి క్లాస్ట్రిడియం డిఫిసిల్ పట్టుకుంటే విరేచనాలు ఆగవు. 2013లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఆరోగ్యవంతుల నుంచి తీసింది అట్లాంటి రోగులకు ఎక్కించి చూశారు. మందు ఇచ్చిన జట్టు కంటే ఇది ఎంతో బాగా పనిచేయడంతో ప్రయోగం మధ్యలోనే ఆపేశారు.

ఊరికే_వచ్చినా
"ఆరోగ్యవంతుల నుంచి తీసింది" అంటే ఏం తీశారు?

సూక్ష్మం_లెక్చరర్
భోజనం టైం. తర్వాత అడుగు.

పాలకేంద్రం_చండూరు
యాంటీబయాటిక్ మాట వచ్చింది కాబట్టి. పోయిన నెల ఒకాయన బర్రెకు పొదుగువాపుకు ఇంజెక్షన్లు వేయించి, చెప్పకుండా పాలు కేంద్రంలో పోశాడు. అవే పాలు ఇంట్లో తోడు పెడితే రెండో రోజుకూ పెరుగు కాలేదట, తోడు మంచిది కాదని పక్కింటి ఆవిడతో పోట్లాట. తోడులోని బ్యాక్టీరియా ఆ మందుకు చచ్చాయి, పక్కింటావిడ తప్పేముంది? మందు వేసినప్పుడు డాక్టర్ చెప్పినన్ని రోజులు పాలు పక్కన పెట్టండి బాబూ.

బత్తాయి_తోట
నేను జీవామృతం పోస్తాను తోటకు. పెండలోని ఇవన్నీ మట్టిలో పనిచేస్తాయా సార్? రెండు డ్రమ్ములు రోజూ తిప్పుతున్నాను.

సూక్ష్మం_లెక్చరర్
పొట్టలో ఉండేవాటిలో చాలావాటికి గాలి తగిలితేనే చావు. మట్టికి మట్టి కాపురస్తులు వేరే ఉంటారు. మీరు డ్రమ్ములో వేసే పిడికెడు గట్టు మట్టి, బెల్లం, శనగపిండి మీద పెరిగేవి వేరు. నా మాట నమ్మకపోతే పల్లి మొక్క ఒకటి పీకి వేరు బుడిపె చిదిమి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటే అక్కడ రైజోబియం అనే బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టు. అది పెండలోంచి వచ్చింది కాదు, మట్టిలోది.

బత్తాయి_తోట
మా తోట మాత్రం బాగుంది సార్, నేను ఆపను.

సూక్ష్మం_లెక్చరర్
ఆపమనలేదు కదా. తోట ఎందుకు బాగుందో మనిద్దరి లెక్క వేరు, అంతే.

పాలమూరు_గొర్లమంద
తోట బాగుండాలంటే డ్రమ్ములు కాదన్నా, రెండు రాత్రులు మా మంద పెట్టించుకో. ఎరువు, మూత్రం, తొక్కుడు అన్నీ ఒకటే రేటు.

మునుగోడు_పోరడు
నాలుగో రోజు. నిన్న రాత్రి పదకొండింటికి కొట్టంలోంచి చప్పుడు వస్తే లైట్ వేసి చూశాం. నెమరు వేస్తోంది! అమ్మ అక్కడే పీట వేసుకుని అర్ధరాత్రి దాకా చూస్తూ కూర్చుంది. ఈ పొద్దున పాలు రెండు లీటర్లు. డాక్టర్ గారు వారం దాకా దాణా వద్దు, ఎండుగడ్డే వేయమన్నారు, గిట్టలు వేడిగా ఉన్నాయేమో రోజూ చేయి పెట్టి చూడమన్నారు. పైన గొర్లమంద అన్న చెప్పిన ఎద్దు లాగా కుంటుతుందేమోనని టెన్షన్. ఇప్పటికైతే మామూలుగానే నడుస్తోంది.

దేవరకొండ_అక్క
మీ అమ్మకు ఇప్పుడైనా ఎవరూ ఏమీ కలపలేదని నమ్మకం కుదిరిందా?

మునుగోడు_పోరడు
సగం. "కడుపులో అన్ని కోట్లు ఉంటే అన్నంలో ఒకటి కలిపితే ఏం తెలుస్తుంది" అంటోంది.

గోబర్_గ్యాస్_రెడ్డి
తమ్ముడూ, మూడు బకెట్లు తెచ్చానన్నావు, రెండే పెట్టావు. మూడోది ఏమైంది? ట్యాంకులో పోయలేదు కదా?

మునుగోడు_పోరడు
చిన్నాన్న వాళ్ల గోబర్ ట్యాంకులో పోద్దామని బయలుదేరాను, దారిలో మీ పోస్టు చదివి బండి తిప్పాను. కోళ్లకు రెండు పిడికిళ్లు వేసి మిగిలింది బత్తాయి చెట్ల దగ్గర గుంత తీసి పెండతో కలిపి పూడ్చాను. రాత్రికి రాత్రి కుక్కలు మొత్తం తవ్విపోసినయి.

ఊరికే_వచ్చినా
కుక్కలు లేచాయా తెల్లారి?